సెక్షన్ 52 గారికి ఓ ఫ్లెక్సీ షాపువాడి ఉత్తరం

అమలాపురం

1957 కాపీరైట్ చట్టంలో కాపురముంటున్న శ్రీ సెక్షన్ 52 గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ నా కుశలం అంతంతమాత్రంగానే ఉందండి.

18 ఏళ్ళుగా ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. ఏనాడూ మీతో పని పడలేదు. మన హీరో తలకాయ కోసి ఇంగ్లీషు సినిమా వీరుడి ఒంటికి అతికించేవాణ్ణి. వెనకాల అడవి ఎవరో ఫోటోగ్రాఫర్ది, పక్కన సింహం ఇంకెవరిదో, అక్షరాల ఫాంటు కూడా కొన్నది కాదు. కింద వరసగా పాతికమంది కుర్రాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర, రిలీజుకి థియేటర్ల ముందు నలభై అడుగుల ఎత్తున కట్టారు. సినిమావాళ్ళూ చూశారు, పోలీసులూ చూశారు. ట్రాఫిక్‌కి అడ్డమన్నారే తప్ప కాపీరైట్ అన్న పాపాన పోలేదు. అది మీ దయ కాదని తర్వాత తెలిసింది. ఊరికే పబ్లిసిటీ వస్తోంది కదా అని వాళ్ళే చూసీచూడనట్టు పోయారు.

మొన్న వేసవిలో ఓ చిన్న బొమ్మ చేశాను. వెలిగే కత్తి పట్టుకుని తిరిగే అంతరిక్ష వీరుడు అంబాజీపేటలో లుంగీ ఎగ్గట్టి, ఆ కత్తినే గునపంలా నేలలో పాతి, కొబ్బరికాయలు ఒలుస్తుంటాడు. కింద ‘రేటు పెరిగేదాకా గెలాక్సీకి సెలవు’ అని రాశాను. ఒలుపు పనివాళ్ళు ఫోన్లలో తిప్పుకుని మరీ నవ్వారు. మూడో రోజున యాప్‌వాళ్ళ నోటీసు. బొమ్మ తీసేశారట, ఇంకోసారి చేస్తే అకౌంటే తీసేస్తారట. పొగడటానికి నలభై అడుగులు ఎత్తుకొస్తే అభిమానిని, నవ్వడానికి అరచేయంత ఎత్తుకొస్తే దొంగని!

టెన్షన్ పడి మా ప్లీడరు బావ దగ్గరికి పరిగెత్తాను. అప్పుడు పరిచయమయ్యారండి మీరు. బావ వేలు పెట్టి చదివాడు. వ్యక్తిగత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తలు. వీటికైతే ఎదుటివాడి సొత్తు అడక్కుండా కొంత వాడుకోవచ్చట.

“నవ్వు ఎక్కడుంది బావా?”

“లేదోయ్. విమర్శ అన్నచోటే సర్దుకోవాలి.”

ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగోవాణ్ణి సర్దినట్టన్నమాట. 2012లో మిమ్మల్ని అంత మరమ్మతు చేశారు కదా, అప్పుడైనా పేరడీకి ఓ కుర్చీ వెయ్యాల్సింది. ఇంగ్లాండువాళ్ళు 2014లో ఆ మాట వాళ్ళ చట్టంలో రాసేసుకున్నారు. కాటన్ దొరగారి ఊరి నుంచి మనకి ఆనకట్ట వచ్చింది గానీ ఆ మాట రాలేదు.

సరే, విమర్శే అనుకుందాం. అది ఆ కృతి మీదో, అంటే ఎవరో రాసిందో గీసిందో తీసిందో దాని మీద, లేదా మరో కృతి మీదో ఉండాలని మీ షరతు. నేను తిట్టింది కొబ్బరి రేటుని. అది కృతి కిందకి రాదట. కొబ్బరి రేటు ఎవడో కూర్చుని అల్లిన కథ కాదంటే కోనసీమలో ఏ రైతు నమ్ముతాడండీ?

అమెరికావాళ్ళు ఈ తేడాని మరీ పట్టుకుంటారని బావ చెప్పాడు. ఓ పాత పాటని వెక్కిరించిన ర్యాప్ పాట కేసులో 1994లో అక్కడి సుప్రీంకోర్టు, అసలు పాటనే వెక్కిరిస్తే పేరడీ, దానికి కాస్త చోటుంది అంది. ఆ పాట అడ్డం పెట్టుకుని ఇంకెవరినో వెక్కిరిస్తే మాత్రం, అరువెందుకు తెచ్చావో చెప్పాలట. 2020లో డాక్టర్ స్యూస్ పిల్లల పుస్తకాన్నీ స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథనీ కలిపి పుస్తకం చేసినవాళ్ళు అప్పీలు కోర్టులో ఓడిపోయారు. కలిపారు సరే, స్యూస్‌ని ఏమన్నా అన్నారా? అనలేదు. నా వీరుణ్ణి నేనూ ఏమీ అనలేదండి. చిన్నప్పట్నుంచీ వాడంటే ప్రాణం. పగ ఉంటే గట్టెక్కేవాణ్ణి, ప్రేమ ఉండి మునిగాను.

కొబ్బరి వరసన మనకి చుట్టాలైన కేరళలో కొంచెం ఊరట దొరికింది. తోప్పిల్ భాసి నాటకానికి సివిక్ చంద్రన్ ఎదురు నాటకం రాసి, అందులోని పాత్రల్నీ మాటల్నీ కూడా తెచ్చుకున్నాడు. 1996లో హైకోర్టు ఎంత తీసుకున్నాడు, ఎందుకు తీసుకున్నాడు, అసలు నాటకానికి పోటీ అవుతుందా అని చూసి, ఇది విమర్శే పొమ్మంది. నా బొమ్మ చూసి ఆ సినిమాకి వెళ్ళడం మానేసిన ఒలుపు పనివాడు ఒక్కడుంటే చూపించండి, టికెట్ నేనే కొనిస్తాను.

ఫిర్యాదు వచ్చాక 21 రోజుల్లో కోర్టు ఆర్డరు రాకపోతే మళ్ళీ తెరవొచ్చని మీలోనే ఓ మూల రాసుందట. పులసల సీజన్ వచ్చి వెళ్ళిపోయింది. నా బొమ్మ రాలేదు.

“పోయి 60 ఏళ్ళు దాటినవాళ్ళని పట్టుకోరాదూ” అన్నాడు బావ. అప్పటికి కాపీరైట్ తీరిపోతుందట. రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లోనే పోయారు, ఆయన బొమ్మలతో ఏమైనా చేసుకోవచ్చట. నర్సాపురంలో పుట్టిన బాపు గారివైతే 2074 దాకా ఆగాలి. ఎందుకొచ్చిన గొడవని, 1899లో పోయిన కాటన్ దొరనే ఎంచుకున్నాను. గుర్రం తీసేసి బుల్లెట్ ఎక్కించాను, నల్ల కళ్ళద్దాలు పెట్టాను. సాయంత్రానికల్లా నలుగురు పెద్దలు షాపుకొచ్చారు. “ఏమయ్యా, అన్నం పెట్టిన దొరతోనా పరాచికాలు?” చేతులు జోడించి తీసేశాను. ఈ సెక్షన్ మీలో లేదండి. దీనికి అప్పీలూ లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. పోయినవారం రావులపాలెం బస్టాండులో ఓ కుర్రాడి టీషర్టు మీద నా కొబ్బరి వీరుడు కనిపించాడు. మూల నా సంతకం చెరిపేసి, అచ్చేసి, 250 రూపాయలకి అమ్ముతున్నారట. ఒళ్ళు మండిపోయింది. అక్కడే నిలబడి బావకి ఫోన్ చేశాను. నా కష్టం, నా బొమ్మ, కేసు వేసేద్దాం అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

“నవ్వుతున్నావా బావా?”

“లేదోయ్, విమర్శిస్తున్నాను.”

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు రాయలేదు, మళ్ళీ ఎవడో చెరుపుతాడు.)