శిక్షణా కాంట్రాక్టు మాహాత్మ్యం

2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయిన దగ్గర్నుంచి ఒక వర్గానికి తీరని అన్యాయం జరుగుతోంది. అఫ్గాన్ సైన్యానికి, పోలీసులకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన ప్రైవేటు కంపెనీల బాధ గురించి నేను చెబుతున్నది. అమెరికా ఎనిమిది వేల కోట్ల డాలర్లకు పైగా పోసి పెంచిన సైన్యం, మొదటి రాష్ట్ర రాజధాని చేజారిన పది రోజుల్లో కనబడకుండా పోయింది. అంతే, "ఇన్నాళ్లూ ఏం నేర్పి చచ్చారు?" అని దారిన పోయేవాడు కూడా అడగడం మొదలుపెట్టాడు. పాపం, వాళ్లు ఏం నేర్పుతామని ఒప్పుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. శిక్షణ కాంట్రాక్టులో యుద్ధం గెలిపిస్తామని ఎవరైనా రాసిస్తారా? ఇంతమంది శిక్షకులు, ఇన్ని తరగతులు, ఇన్ని నెలలు. శిక్షకులు వచ్చారు, తరగతులు నడిచాయి, నెలలు గడిచాయి, బిల్లులు పాసయ్యాయి. పని పూర్తయినట్టే కదా!

చదువు సంగతే చూడండి. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. తుపాకీ మీద నంబరు చదవలేనివాడికి ఆయుధాల లెక్క ఎలా అప్పజెప్పాలని 20 కోట్ల డాలర్లతో అక్షరాస్యత కార్యక్రమం పెట్టి మూడు కంపెనీల చేతిలో పెట్టారు. మొదటి మెట్టు ఎక్కాలంటే విడి పదాలు చదవడం, రాయడం, వెయ్యి దాకా అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు. అఫ్గాన్ ఖర్చుల మీద నిఘాకు అమెరికా పార్లమెంటే పెట్టిన ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2014లో ఈ పథకాన్ని కదిపి చూసింది. నెలకు రెండే గంటలు నడిచిన తరగతికి కూడా ఒక కంపెనీ బిల్లు పెట్టింది. అసలు తరగతి అంటే ఏమిటో ఒప్పందంలో రాసుకుంటే కదా, తప్పు పట్టడానికి! పాసైనవాడికి నిజంగా చదవడం వచ్చిందా అని విడిగా చూసే ఏర్పాటూ లేదు. పైగా ఏటా నూటికి 30 నుంచి 50 మంది సైన్యం వదిలి వెళ్లిపోతున్నారు. వెయ్యి దాకా లెక్కపెట్టడం నేర్చినవాళ్లలో ఎంతమంది మిగిలారన్నది లెక్కపెట్టడం మాత్రం పెంటగాన్‌కు రాలేదు.

దొంగ మస్టర్ల విషయంలోనూ ఇలాగే నిష్ఠూరాలు. కాగితం మీద సైన్యం, పోలీసులు కలిపి 3 లక్షల మంది. వాళ్లలో చాలామంది అసలు లేనే లేరని, సేనానులే పేర్లు రాసి జీతాలు జేబులో వేసుకున్నారని ఆ దేశ మాజీ ఆర్థికమంత్రి ఖాలిద్ పాయెందా దేశం పోయాక చెప్పాడు. మన ఉపాధి హామీ పనులు చూసినవాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. అయినా శిక్షకుడి వైపు నుంచి ఆలోచించండి. లేని సిపాయి పారిపోడు, గాయపడడు, పాఠం అర్థం కాలేదని విసిగించడు. ఇంత క్రమశిక్షణ ఉన్న విద్యార్థి ఏ సైన్యంలో దొరుకుతాడు?

యూనిఫాం ముచ్చట కూడా చెప్పుకోవాలి, కొద్దిగా. అడవి చెట్ల మధ్య కనబడకుండా ఉండే డిజైను ఒకటి ఇంటర్నెట్‌లో చూసి, అప్పటి అఫ్గాన్ రక్షణమంత్రికి నచ్చిందని దాన్నే ఖాయం చేశారు. ఒక ప్రైవేటు కంపెనీ సొంత డిజైను కనుక, మామూలు బట్టతో పోలిస్తే 2 కోట్ల 80 లక్షల డాలర్ల దాకా అదనంగా పడి ఉంటుందని అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చాడు. అఫ్గానిస్తాన్‌లో అడవి నూటికి రెండు వంతులు.

ఇక హెలికాప్టర్లు. నన్నడిగితే ఈ వ్యాపారంలో అసలు ప్రతిభ ఇక్కడే ఉంది. అఫ్గాన్ మెకానిక్‌లకు రష్యా తయారీ ఎంఐ-17 బాగా తెలుసు. రిపేర్లలో ఎక్కువ భాగం వాళ్లే చేసుకునేవారు. అంటే ఆ సబ్జెక్టులో పిల్లలు పాసైపోతున్నారన్నమాట. ఇలాంటి ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తెలివైనవాళ్లు సిలబస్ మారుస్తారు. రష్యా సరుకు కొనకూడదని వాషింగ్టన్‌లో పట్టుబట్టారు. 2017 నుంచి ఎంఐ-17ల బదులు అమెరికా బ్లాక్ హాక్‌లు రావడం మొదలైంది. వాటి మరమ్మతు మొత్తం కాంట్రాక్టర్లదే. కాంట్రాక్టర్లు లేకపోతే అఫ్గాన్ వాయుసేన విమానాలు, హెలికాప్టర్లు కొన్ని నెలలకు మించి యుద్ధానికి పనికిరావని 2021 మొదట్లోనే అమెరికన్ అధికారులు కాగితం మీద రాసిపెట్టారు కూడా. ఆ ముందటి ఏడాది దోహాలో తాలిబన్లతో సంతకం చేసిన ఒప్పందంలో సైనికులతో పాటు ప్రైవేటు సెక్యూరిటీ కాంట్రాక్టర్లు, శిక్షకులు, సలహాదారులు కూడా వెళ్లిపోవాలని పేరు పేరునా ఉంది. తాలిబన్లకు ఎవరు ముఖ్యమో బాగా తెలుసు. కాంట్రాక్టర్లు వెళ్లిపోయాక మిగిలిన హెలికాప్టర్ల రిపేర్లు జూమ్ కాల్స్‌లో చెప్పారు. షెడ్డులో ఒకడు ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టి పట్టుకుంటాడు, ఇంకో దేశంలో కూర్చున్నవాడు ఏ నట్టు విప్పాలో చెబుతాడు. నెట్ స్లో అయితే దేశం స్లో అవుతుంది.

ఇవన్నీ పసిబిడ్డల పనులు. ఈ రంగంలో పెద్దదిక్కు సౌదీ అరేబియాలో ఉంది. అమెరికాకు చెందిన విన్నెల్ కార్పొరేషన్ 1975లో 7 కోట్ల 70 లక్షల డాలర్లకు సౌదీ నేషనల్ గార్డుకు పాఠాలు చెప్పడానికి వచ్చింది. మన ఊళ్లలో నీట్ లాంగ్ టర్మ్ బ్యాచ్ పిల్లలు రెండు మూడేళ్లు కూర్చుంటేనే తల్లిదండ్రులు తలపట్టుకుంటారు. అక్కడ దశాబ్దాలు దాటినా ఇంకా కూర్చునే ఉన్నారు, ఫీజు కడుతూనే ఉన్నారు.

విద్యార్థి మరీ బాగా నేర్చేసుకుంటే ఏమవుతుందో క్రొయేషియాలో చూశాం. అమెరికా రిటైర్డ్ జనరల్స్ పెట్టిన ఎంపీఆర్ఐ అనే కంపెనీ 1994లో అక్కడి సైన్యానికి ప్రజాస్వామ్యం గురించి పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆ సైన్యం సెర్బుల చేతిలో ఉన్న క్రైనా ప్రాంతాన్ని కొద్ది రోజుల్లో ఊడ్చేసింది. లక్షన్నరకు పైగా సెర్బులు మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. మేం తరగతి గదిలో ప్రజాస్వామ్యమే చెప్పాం, యుద్ధం చెప్పలేదని కంపెనీ అంది. ప్రజాస్వామ్యం ఇంత వేగంగా పనిచేయడం మరెక్కడా చూడలేదు. ఆ వెంటనే పక్కనున్న బోస్నియా సైన్యం ట్యూషన్ కూడా అదే కంపెనీకి దక్కింది.

శిక్షకులు చెప్పని పాఠం ఒక్కటే, జీతం. 2003లో ఇరాక్ కొత్త సైన్యానికి శిక్షణ ఇచ్చే 4 కోట్ల 80 లక్షల డాలర్ల పని కూడా విన్నెల్‌కే వచ్చింది. మొదటి బెటాలియన్ బయటికొచ్చి రెండు నెలలు తిరక్కుండానే దాదాపు సగం మంది ఇంటికి పోయారు. ఇచ్చేది చాలట్లేదని. శిక్షణలో లోపం ఏమీ లేదు. వరుస తప్పకుండానే వెళ్లిపోయి ఉంటారు.

అయినా అఫ్గాన్ల మీద, ఇరాకీల మీద జాలిపడే అర్హత తెలుగువాడికి లేదు. ఈ వ్యాపారానికి మనం పాత ఖాతాదారులం. బుస్సీ దొర ఫ్రెంచి పటాలానికి జీతాలు బాకీపడి, 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లను వాళ్ల ఖర్చుకింద రాసిచ్చాడు. డాలర్లు లేని కాలం, జిల్లాలతోనే చెల్లింపు. తర్వాత మూసా రేమండ్ అనే ఫ్రెంచి సేనాని హైదరాబాద్‌లో నిజాంకు వేల మంది సిపాయిలను ఫ్రెంచి పద్ధతిలో తయారుచేశాడు. 1798లో ఆయన పోయిన కొన్ని నెలలకే ఆ సిపాయిలు జీతాల బకాయి కోసం సొంత అధికారుల మీదే తిరగబడ్డారు, ఇంగ్లీషువాళ్లు వచ్చి ఒక్క యుద్ధమూ లేకుండా తుపాకులు పట్టుకెళ్లారు. అప్పుడు నిజాం ఇంగ్లీషు కంపెనీ ప్యాకేజీకి మారాడు. ఆ పటాలం ఖర్చుకని 1800లో బళ్లారి, కడప వైపు దత్త మండలాలు పోయాయి. ఆ తర్వాత ఇంగ్లీషు అధికారులు నడిపే హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకొక సైన్యం తగులుకుంది. దాని బకాయి పెరిగి పెరిగి 1853లో ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బెరార్‌ను అప్పగించాల్సి వచ్చింది. 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయల అద్దె మీద ఆ బెరార్‌ను శాశ్వతంగా రాయించుకున్నాడు. మరుసటి ఏడాది ఆ కంటింజెంట్‌ను కూడా బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేసుకున్నారు.