బజారు నుంచి వచ్చానని రాసివ్వండి

మీరు ఎఫ్1 నొక్కితే తెరుచుకునేదీ, చదవకుండా మీరు మూసేసేదీ ఒకటుంటుంది చూశారూ, ఆ హెల్ప్ ఫైలు రాసుకుని బతికేవాణ్ణి నేను. మీరు చదవరన్న బాధ పాతదే, అలవాటైపోయింది. ఇది వేరే బాధ.

రాత్రి పదింటికి, నా గదిలో, నా కంప్యూటర్లో, 'బిల్లు ప్రింటు తీయడం ఎలా' అన్న పేజీ రాసి, ఎలా ఉందో చూద్దామని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరులో తెరిచాను. పైన పసుపు పట్టీ. నా భద్రత కోసం ఈ ఫైలును కట్టడి చేశారట. ఇంతకీ అందులో ఉన్న ప్రమాదం, 'మరిన్ని వివరాలు' నొక్కితే కిందకి జారే నాలుగు లైన్లు.

ఎక్స్‌ప్లోరర్ 2022లోనే రిటైరైంది కదా అంటారేమో. మా క్లయింటు ఆఫీసులో ఇంకా కాలేదు.

2004లో విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్‌తో వచ్చిన ఆచారం ఇది. అంతకుముందు సొంత డిస్కులోని పేజీ ఇంటల్లుడు, ఏ గదిలోకైనా వెళ్లొచ్చు. దొంగలు అల్లుడి వేషంలో రావడం మొదలెట్టారు. దాంతో అల్లుళ్లందరినీ అరుగు మీదే కట్టేశారు. సబబే. బజారువాడు, అంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిన పేజీ, మాత్రం యథాప్రకారం సోఫాలో కూర్చున్నాడు.

దీనికి మందుంది. పేజీ తలమీద ఒక లైను పెట్టాలి: 'సేవ్డ్ ఫ్రమ్ యూఆర్ఎల్', బ్రాకెట్లో 0014, పక్కన 'అబౌట్:ఇంటర్నెట్'. అంటే, నేను ఈ ఇంటివాణ్ణి కాను మహాప్రభో, ఇంటర్నెట్ నుంచి వచ్చాను అని ఒప్పుకోలు పత్రం. గుమ్మం దగ్గర కాపలా కాసే బ్రౌజరుకీ, నా పేజీకీ మాటలిలా సాగుతాయి:

"ఎవరు సార్ మీరు?"

"ఈ ఇల్లు నాదేనయ్యా."

"అయితే కుదరదు. ఇంటివాళ్లని వదలొద్దని ఆర్డరు."

"సరే, బజార్లోంచి వచ్చాను."

"ముందే చెప్పొచ్చు కదా సార్! రాసివ్వండి. ఎన్ని అక్షరాలు?"

"కోలన్‌తో కలిపి పద్నాలుగు."

"0014 అని వేయండి. ముందు సున్నాలు మర్చిపోయేరు. చివర ఎంటర్ కొట్టారా? మామూలుది కాదు, విండోస్ ఎంటర్. ఆఁ, రండి సార్, రండి. వంటింట్లోకి మాత్రం వెళ్లకండి, బజారువాళ్లకి అక్కడేం పని?"

వంటింట్లో ఉన్నది నేనే రాసిన పీడీఎఫ్. ఆ లైను పెట్టాక దాని లింకు తెరుచుకోదు.

పోనీ పేజీలన్నీ కలిపి సీహెచ్ఎం అనే ఒకే హెల్ప్ ఫైలు చేసి పంపితే, దించుకున్నవాడికి ఎడమవైపు విషయసూచిక, కుడివైపు తెల్లకాగితం. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'అన్‌బ్లాక్' నొక్కాలని చెప్పాలి. ఎక్కడ చెప్పాలి? తెరుచుకోని ఆ హెల్ప్‌లోనే.

అందుకని కాగితం మీద అచ్చేసే మాన్యువల్ మొదటి పేజీలో రాశాను: 'హెచ్చరిక వస్తే కంగారు పడకండి. అనుమతించు నొక్కండి.' నా చేత్తో రాశాను. నాలాంటి వాళ్లందరూ ఇదే రాశారు. ఇరవయ్యేళ్లు జనానికి మేం నేర్పిన చదువు ఇదొక్కటే. ఇవాళ వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. ఫోను హెచ్చరిస్తుంది. రిటైరైన మాస్టారు 'అనుమతించు' నొక్కుతారు, పెన్షన్ డబ్బులు పోతాయి. 'చదువుకున్నవారు, చూసుకోవద్దా?' అని అందరూ ఆయన్నే నిలదీస్తారు. ఏం చూసుకోవాలయ్యా? బిల్లు ప్రింటుకీ, ఇల్లు దోచేవాడికీ ఒకే గొంతుతో అరిచారు ఈ హెచ్చరికలు పెట్టినవాళ్లు. ఆ గొంతు వినొద్దని ఆయనకి నేర్పింది మనం. సిగ్గుపడాల్సింది ఆయనా?

పద్నాలుగూ మళ్లీ లెక్కపెట్టి ఎంటర్ కొట్టాను. పేజీ తెరుచుకుంది. ఆలోపే క్లయింటు దగ్గర్నుంచి మెయిలు: 'మొదటి పేజీలో అనుమతించు అన్న మాట బోల్డులో పెట్టండి. జనం ఆగి చదువుతున్నారు.'