వెనక అలాయ్ వీల్ గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వెనక అలాయ్ వీల్ గారికి,
సెల్లార్ పార్కింగ్, మూడో స్తంభం పక్కన, విశాఖపట్నం.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని మాత్రం రెండు నెలల కిందట పంక్చర్ షాపులో తెలిసింది.

వారంలో మూడుసార్లు గాలి దిగిపోతుంటే మేకు గుచ్చుకుందేమోనని టైరంతా తడిమించాను. షాపతను తమర్ని నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పాడు. టైరు మీద ఒక్క బుడగ లేదు. రిమ్ము అంచు నుంచి మాత్రం పప్పు ఉడుకుతున్నట్టు బుడబుడమని ఒకటే రావడం. "టైరు బంగారం సార్, రిమ్మే పోయింది" అన్నాడు. విప్పి చూపిస్తే, టైరు కూర్చునే అంచంతా పాత గోడ సున్నంలా తెల్లటి పెచ్చులు.

నన్ను అనకండి. తమరికి తుప్పు పట్టదని బండి కొన్న రోజే చెప్పారు. దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. తుప్పు పట్టనిదాన్ని తుడవడం దేనికి? ఆ తర్కం మీదే ఏడేళ్ళు గడిచాయి. తమరి ఒళ్ళు అల్యూమినియం అనీ, గాలి తగలగానే అది తన మీద తానే ఆక్సైడ్ పొర కప్పుకుంటుందనీ, కొన్ని నానోమీటర్ల మందం ఉండే ఆ పొరే దానికి కవచమనీ తర్వాత తెలిసింది. మనిల్లేమో సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరం. సాయంత్రం గాలి ఎంత హాయో అని బంధువులందరికీ చెప్పుకున్నాను. ఆ హాయిలో ఉప్పు కూడా ఉందని ఎవరికీ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఆ ఉప్పే తమరి కవచానికి చిల్లులు పెట్టింది. కంకర తగిలి క్లియర్ కోట్ (పైన వేసే పారదర్శక పూత) చిట్లిన చోట లోపలికి దూరి, పూత కింద తెల్లటి పురుగులు పాకినట్టు గీతలు గీసింది. ఆ పైన చైన్ లూబ్ జిడ్డు, జిడ్డు మీద బీచ్ రోడ్డు ఇసుక. తమరి అసలు రంగేమిటో నాకే గుర్తులేదు.

అయితే తమరికి స్నానమే లేదంటే ఒప్పుకోను. ఏటా దసరాకి చేయించాను. పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను, నిమ్మకాయలు తొక్కించాను. ఆ పసుపు సంక్రాంతి దాకా తమరి ఒంటి మీదే ఉండేది. దేవుడి పేరు మీద రాసింది కడగకూడదు కదా, పైగా బద్ధకం.

ఇక అసలు నేరం దగ్గరికి వస్తాను. నాకు భక్తి ఆలస్యంగా వచ్చింది గానీ పూనకంలా వచ్చింది. ఒక ఆదివారం, మొదట అమ్మని చింతపండు అడిగాను. ఇత్తడి బిందెలు తళతళలాడేది దానితోనే కదా. "బండికి పులుసు పెడతావేంట్రా" అంది. పౌరుషం వచ్చి బాత్రూం కడిగే యాసిడ్ సీసా అందుకున్నాను. పోయగానే తమరు బుస్సుమని నురగలు కక్కారు. మురికి వదులుతోందని సంబరపడ్డాను. వదులుతున్నది తమరే. యాసిడ్ అల్యూమినియాన్ని తింటుంటే వచ్చే హైడ్రోజన్ అట ఆ బుడగలు! నీళ్ళు కొట్టి చూస్తే విభూది పూసుకున్న సన్యాసిలా ఉన్నారు. కాస్టిక్ సోడా దొరక్కపోవడం తమరి అదృష్టం. అది కూడా తమర్ని ఇలాగే తింటుందట.

మా వీధి మెకానిక్ నవ్వని మనిషి. తమర్ని చూసి నవ్వాడు. తర్వాత గోరుతో గీరి, స్పోక్‌ల మొదళ్ళన్నీ తడిమి, "గుంటలే, పగుళ్ళు లేవు. పగులుంటే పాలిష్ మాటే వద్దు, చక్రం మార్చేయాలి" అన్నాడు. టైరు కూర్చునే అంచుని తనే గీకి నున్నగా చేసి ఇచ్చాడు. మిగతాది నాకు శిక్ష.

కిరోసిన్‌తో జిడ్డు వదిలించి, సబ్బు నీళ్ళతో కడిగి, మిగిలిన క్లియర్ కోట్ పీకి, నీళ్ళు చల్లుతూ ఎమరీ పేపర్ పట్టాను. 400, 600, 800, 1000, 1500, 2000. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది, ప్రతి నంబరూ దాని ముందుదాని గీతలు చెరపాలి. తెలివైనవాణ్ణి కాబట్టి 400 నుంచి నేరుగా 1000కి దూకాను. ఎండలోకి తీస్తే తమరి ఒళ్ళంతా పిల్లి రక్కినట్టుంది. మళ్ళీ 600. స్పోక్‌ల మూలల్లోకి వేళ్ళు దూరవు, పాత టూత్ బ్రష్షే దిక్కు. పై ఫ్లోర్ అంకుల్ వచ్చి, ఇంజిన్ ఆన్ చేసి గేర్లో వేస్తే చక్రం దానంతటదే తిరుగుతుంది, గుడ్డ పట్టుకుంటే చాలన్నారు. చైన్‌లో వేళ్ళు పోగొట్టుకునేది అలాగే అని మెకానిక్ ముందే చెప్పాడు కాబట్టి చేత్తోనే తిప్పాను. అంకుల్ నొచ్చుకున్నారు.

పాలిష్ దగ్గర ఇంకో టెన్షన్. రుద్దినకొద్దీ గుడ్డ నల్లబడుతోంది. ఏడేళ్ళ మురికి ఇంకా ఉందనుకుని నాలుగు బనియన్లు అరగదీశాను. అది మురికి కాదు, తమరి అల్యూమినియమే అరిగి అలా నల్లగా వస్తుందట. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపనని పట్టుబట్టి ఉంటే చివరికి గుడ్డొక్కటే మిగిలేది.

మెరిశారు, కాదనను. వాచ్‌మన్ తమరిలో చూసుకుని తల దువ్వుకున్నాడు. పదిహేను రోజులు కూడా తిరక్కుండానే మళ్ళీ మొహం ముడుచుకున్నారు. బట్టలు విప్పి సముద్రం గాలికి నిలబెడితే ఎవరికైనా అంతేనని మెకానిక్ తమరి పక్షమే మాట్లాడాడు. రేపు మళ్ళీ పాలిష్ పెట్టి క్లియర్ కోట్ కొట్టిస్తున్నాను. ఆ తర్వాత వారానికోసారి మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ. యాసిడ్ సీసా అమ్మ దాచేసింది.

ఇట్లు,
తమరి యజమాని

తా.క.: ముందు చక్రం గారు తమర్ని చూసి అలిగారు. జంటగా చూస్తే రెండు వేర్వేరు బళ్ళవి అనుకుంటున్నారు జనం. దసరా దగ్గరకొచ్చింది, అమ్మ నిమ్మకాయలు తెప్పించింది. వాటిని టైరు కిందే పెడతాను. రిమ్ము మీద మాత్రం పిండను.