అండమాన్‌కు డిసెంబరే సీజనా?

కార్తీక మాసం దాటిందంటే చాలు, హనుమకొండలోని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చి పడుతుంది. ఎవరు రాశారో తెలియదు, ఏటా మాత్రం తప్పదు. దాని సారాంశం ఇది: "అండమాన్ చూడాలంటే డిసెంబర్ ఒక్కటే సీజన్. కుదరకపోతే దసరా సెలవుల్లో వెళ్లండి. ఎండాకాలం వెళ్తే మాడిపోతారు. వానాకాలం దీవులు మూసేస్తారు. పౌర్ణమి చూసుకుని వెళ్తే సముద్రం అద్భుతంగా ఉంటుంది. ఈత రానివాళ్లు స్కూబా జోలికి పోవద్దు. వచ్చినవాళ్లు చివరి రోజు పొద్దున డైవింగ్ ముగించుకుని మధ్యాహ్నం విమానం ఎక్కితే ఒక రోజు హోటల్ ఖర్చు మిగులుతుంది."

ఆ చివరి వాక్యం ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. స్కూబా డైవింగ్ అంటే గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని సముద్రంలోకి మునగడం. పది మీటర్ల లోతున మన మీద పడే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి కరిగి చేరుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా, ఊపిరితో పాటు బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే, లోపలి ఒత్తిడి కొండ మీద ఉన్నంత తక్కువకు పడిపోతుంది. సోడా సీసా మూత తీసినట్టే. బుడగలు కీళ్లలో పుడితే నొప్పి, వెన్నుపాములో పుడితే కాళ్లు పడిపోవచ్చు. అందుకే ఒక్కసారే మునిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని శిక్షణలోనే చెబుతారు. నిండా ఒక రోజు ఆగడం ఇంకా మంచిది. హోటల్ ఖర్చు మిగిల్చుకునే చోటు ఇది కాదు.

ఇక డిసెంబర్. ఆ సందేశం నమ్మి నేనూ ఒకసారి డిసెంబర్ మొదటి వారంలోనే వెళ్లాను. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, పడవ మీదే మాస్కు తగిలించారు. లోపలి అద్దానికి ఉమ్మి రాసి కడగమన్నారు, లేకపోతే ఆవిరి పడుతుందట. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుకుంటూ, శిక్షకుడి చేయి పట్టుకుని కిందికి దిగాను. చుట్టూ బియ్యం కడిగిన నీళ్లు. చెయ్యి చాపితే వేళ్లు కనిపించాయి, వాటి అవతల తెల్లటి మసక. శిక్షకుడు ఏదో చూపించి పెద్ద చేప అన్నట్టు సైగ చేశాడు. నేనూ చూసినట్టే తల ఊపాను. పైకి వచ్చాక ఆ చేప ఎంత ఉందో అందరికీ వర్ణించాను కూడా.

ఎందుకు అలా ఉందంటే, అండమాన్‌కు మనలా ఒక్క వానాకాలం కాదు. నైరుతి రుతుపవనాలు మే మూడో వారంలోనే, కేరళ కన్నా ముందే అక్కడికి చేరతాయి. అవి వెనక్కి మళ్లాక ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబర్ దాకా సాగుతాయి. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 3,000 మిల్లీమీటర్లు, వరంగల్ వానకు దాదాపు మూడింతలు. తొలకరికి రామప్ప చెరువులోకి వాగు నీరు దిగినప్పుడు ఒక్క రోజులో రంగు ఎలా మారుతుందో చూసిన వాళ్లకు మిగతాది చెప్పనక్కరలేదు. వాన నీరు ఒండ్రు తెస్తుంది, గాలి అడుగు ఇసుకను లేపుతుంది, నీటిలో తేలే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒడ్డు మీద ఎంత ఎండ కాసినా లోపల తేటపడటానికి రోజులు పడుతుంది.

డిసెంబర్ చివరికి వాన తగ్గి సముద్రం కుదుటపడే ఏడాదులూ ఉన్నాయి. కాదనను. కానీ 2016 డిసెంబర్ మొదటి వారంలో అదే దీవిలో వందలాది పర్యాటకులు ఫెర్రీలు ఆగిపోయి చిక్కుకుపోయారు, నౌకాదళం ఓడలు పంపి తీసుకురావలసి వచ్చింది. ఆ వాతావరణమే ముదిరి వర్దా తుఫానుగా 12వ తేదీన చెన్నై మీద పడింది. పైగా డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 5 గంటలు దాటగానే పొద్దు గుంకుతుంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా దాదాపు 50 నిమిషాలు ముందు నడుస్తాడు. చేతికి వచ్చే పగలు చిన్నది, గది అద్దె మాత్రం పెద్దది. డిసెంబర్ సీజన్ అంటే బడి సెలవుల సీజన్, హోటళ్ల సీజన్. సముద్రం సీజన్ వేరే.

దసరా సలహా అంతకన్నా ఘోరం. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టే కాలం అక్టోబర్, నవంబర్. 2014లో దసరా వెళ్లిన అయిదు రోజులకు, అక్టోబర్ 8న, హుద్‌హుద్ అండమాన్ దీవులను దాటింది. 12న విశాఖను ఏం చేసిందో తెలుగువాళ్లకు గుర్తు చేయాలా? బతుకమ్మ నిమజ్జనం ఇంటి దగ్గరే చూసుకోండి, హాయిగా.

"ఎండాకాలం మాడిపోతారు" అన్న మాట రామగుండం నుంచో మంచిర్యాల నుంచో అంటే నవ్వొస్తుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు మామూలు. అక్కడ ఏప్రిల్‌లోనూ పగటి వేడి 33 దగ్గర ఆగుతుంది. చెమట మాత్రం కారుతుంది, ఆ ఉక్కపోత నిజం. నీళ్లు ఏడాది పొడవునా 27 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటాయి. మే నెలతో వచ్చే అసలు చిక్కు ఎండ కాదు, ముందుగానే దిగే వాన. మనకు రోహిణి కార్తె మొదలయ్యేనాటికి అక్కడ గొడుగులు విప్పేస్తారు. ఇంకొకటి, ఎప్పుడైనా సముద్రం మామూలు కన్నా వేడెక్కితే పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. 2010 వేసవిలో అండమాన్‌లో అదే జరిగింది.

దీవులు మూసేస్తారన్నది అండమాన్ విషయంలో అబద్ధం. థాయిలాండ్‌లో సిమిలన్ దీవులను మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి వానాకాలంలో పడవలు వెళ్లవు. ఆ మాటలు ఇక్కడికి అంటుకున్నట్టున్నాయి. అండమాన్‌లో ఫెర్రీలు రద్దు కావచ్చు, స్వరాజ్ ద్వీప్‌కు పడమటి వైపున్న రాధానగర్ తీరంలో కెరటాలు లేవవచ్చు, తూర్పు ఒడ్డు కొంత నెమ్మదిగా ఉంటుంది. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా పెట్టుకోగలిగితే వెళ్లండి.

ఈత గురించి రెండు ముక్కలు. శిక్షకుడు వెంట ఉండి చూపించే తొలి డైవ్‌కు ఈత అక్కరలేదు. పూర్తి కోర్సుకు కావాలి: 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఉబ్బసం, చెవి, గుండె సమస్యలున్నవాళ్లు ఈత వచ్చినా ముందు డాక్టరును అడగాలి.

మరి ఎప్పుడు? జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా. మనకు మేడారం జాతర జరిగే మాఘమాసం నాటికి అక్కడ వాన వెనకపడుతుంది, గాలి తగ్గుతుంది. రెండోసారి నేను మార్చిలో వెళ్లాను. పడవ అంచు నుంచి చూస్తే లంగరు తాడు ఇసుక దాకా కనిపించింది. లోపల చిలుక చేపలు పగడాన్ని కొరుకుతుంటే ఎవరో పక్కన కూర్చుని మరమరాలు నములుతున్నట్టు చప్పుడు. అది కూడా వినపడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. పరీక్షల పిల్లలున్న ఇంట్లో మార్చి కుదరదు, తెలుసు. వాళ్లు ఏప్రిల్ చివర బడులు మూయగానే బయలుదేరాలి, మే రెండో వారానికల్లా ఇంట్లో ఉండాలి.

మిగిలింది పౌర్ణమి. వెన్నెల్లో ఒడ్డున నడవడానికి మంచిదే. కానీ పౌర్ణమికీ అమావాస్యకూ పోటుపాట్లు పెద్దవి, లోపల ప్రవాహం జోరుగా లాగుతుంది. రాత్రి నీటిని కదిపితే మెరిసే నీలి వెలుగు చూడాలన్నా చీకటి రాత్రులే కావాలి. తొలిసారి మునిగేవాళ్లకు నెమ్మదైన నీళ్లు దొరికేది అష్టమి, నవమి, దశమి ప్రాంతంలో. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "అష్టమినాడు ఎవరైనా గడప దాటతారా?" అంది. క్యాలెండర్ ముందు పెట్టుకుని చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఈసారి షష్ఠినాడు కాజీపేటలో రైలు ఎక్కుతున్నాం, అష్టమినాటికి గడప దాటే పని లేకుండా నీళ్లలోనే ఉంటాం.