కేడీఎం పొగ పీల్చిన మనిషిని ఎవరు అడుగుతారు?

"ఇది కేడీఎం అండీ" అంటే ఒకప్పుడు నగల దుకాణంలో బేరం సగం తెగినట్టే. ఆ పేరు వెనకున్నది కాడ్మియం అనే లోహం. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపి టంకంగా వాడేవారు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి. కాడ్మియం 767 దగ్గరే మరిగి చాలావరకు ఆవిరైపోతుంది. అందుకే నగ మేలిమి తగ్గేది కాదు. కొన్నవాళ్లు టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆ ఆవిరంతా కుంపటి మీదకు వంగి ఊదుగొట్టం ఊదే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయింది.

ఆ పొగకూ ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కేన్సర్‌కూ సంబంధం ఉందా? 1967లో బ్రిటన్‌లో నికెల్-కాడ్మియం బ్యాటరీ కార్మికులు 248 మంది లెక్క తీశారు. మామూలుగా ఒక్కరికి కూడా రాకూడని చోట నలుగురికి వచ్చింది. నలుగురంటే చిన్న లెక్కే. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అంత తేడా కనిపించలేదు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కాడ్మియాన్ని కేన్సర్ కారకమని తేల్చింది ఊపిరితిత్తుల కేన్సర్ ఆధారంగానే. ప్రొస్టేట్ విషయంలో ఆధారాలు పరిమితమే అంది. అయినా అనుమానం ఊరికే రాలేదు. ఒంట్లో జింకును బాగా కూడబెట్టుకునే గ్రంథి ప్రొస్టేట్. రసాయనికంగా కాడ్మియం జింకుకు దగ్గరి చుట్టం.

ఆధారాలు తక్కువని ఊరుకోవడం నాకు నచ్చదు. మన దగ్గర అడిగిందెవరు గనక? కిడ్నీలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన మూత్రం సరిగా రావట్లేదని ఓపీకి వస్తే, కేసు షీట్‌లో వృత్తి అన్నచోట "రిటైర్డ్" అని రాసి పంపేస్తారు. పాతికేళ్లు ఏ పొగ దగ్గర కూర్చున్నారో ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతుంది.

ప్రొద్దుటూరు లాంటి బంగారం ఊళ్లలోనైనా ఒకప్పుడు ఏ పని చేశారన్న ప్రశ్న తప్పనిసరి చేయాలి. బీడీ, సిగరెట్ అలవాటు కూడా అడగాలి. పొగాకు మొక్క మట్టిలోని కాడ్మియాన్ని ఆకులోకి లాగుతుంది కాబట్టి, అది అడక్కపోతే లెక్క తప్పుతుంది. ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకున్న కాడ్మియం ఎంతో మూత్ర పరీక్షలో తెలుస్తుంది. ఆ పెద్దాయన ఎలాగూ ఆ రోజు మూత్రం శాంపిల్ ఇచ్చే వెళ్తాడు.