రింగు వచ్చింది సార్, స్కెచ్ పెన్నుతో!

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మన రెండు రాష్ట్రాల్లోనూ గోధుమరంగు స్కెచ్ పెన్నుకు రాజయోగం పడుతుంది. పన్నెండు రంగుల ప్యాకెట్టులో ఏడాదంతా మూత తియ్యని పెన్ను అదొక్కటే. ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ రికార్డులో, ఇచ్చిన సాల్ట్‌లో నైట్రేట్ ఉందో లేదో తేల్చే పరీక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది లేనిదే పని జరగదు. టెస్ట్ ట్యూబు బొమ్మ గీసి, దాని నడుముకు ఆ రంగుతో ఓ పట్టీ దిద్దాలి. దిద్దేస్తే నైట్రేట్ ఉన్నట్టే. లెక్చరర్ సంతకం, కాలేజీ ముద్ర, ముప్పైకి ముప్పై.

ఈ మహత్తర ఆవిష్కరణకు ముందు జనం నానా అవస్థలూ పడేవారు. పరీక్షకిచ్చిన సాల్టును నీళ్లలో కరిగించి, అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పోసి, ట్యూబును ఏటవాలుగా పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి చుక్కచుక్కగా జార్చేవారు. బరువైన యాసిడ్ అడుక్కి దిగేది. అది పై ద్రావణాన్ని తాకే చోట, కళ్లముందే, మెల్లగా గోధుమరంగు వలయం కట్టేది. నైట్రేట్ లోంచి పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ వెళ్లి ఇనుముతో ముడిపడితే వచ్చే రంగది. చెయ్యి వణికిందా, రింగు గల్లంతు. యాసిడ్ గబుక్కున పడిందా, వేళ్లు చురుక్కు. ఫెర్రస్ సల్ఫేట్ పాతదైతే గాలి సోకి దానంతటదే పసుపురంగుకు తిరిగిపోయి, ఎంత బతిమాలినా రింగు రాదు. స్కెచ్ పెన్నుతో ఈ బాధలేవీ లేవు. రికార్డును ఎంత ఊపినా రింగు చెదరదు. సాల్ట్‌లో క్లోరైడ్ ఉన్నా వస్తుంది, సల్ఫేట్ ఉన్నా వస్తుంది, అసలు సాల్టే లేకపోయినా వస్తుంది. ఇంత నమ్మకమైన పరీక్ష కెమిస్ట్రీలో ఇంకోటి లేదు.

ఇక ప్రాక్టికల్స్ రోజు వైభవం చూసి తీరాలి. హాస్టల్ మంచాలూ, నిరుటి ర్యాంకర్ల ఫ్లెక్సీలూ కుక్కిపెట్టిన గదికి ఆ ఉదయం తాళం తీస్తారు. అటెండరు బూజు దులుపుతాడు. బర్నరు గొట్టంలో కందిరీగ గూడు కట్టుకుని ఉంటుంది. దాన్ని కదిలించరు, ఎలాగూ గ్యాసు లేదు. యాసిడ్ సీసా బిరడా బిగుసుకుపోయి ఉంటుంది. దాని జోలికీ పోరు. మొదటి వరుస బల్లలకు అమోనియం క్లోరైడ్, రెండో వరుసకు లెడ్ నైట్రేట్ అని పిల్లలకు ముందురోజు స్టడీ అవర్లోనే చెప్పి ఉంచుతారు. పదకొండింటికి రావలసిన ఎగ్జామినర్ గారు భోజనాల వేళకి వస్తారు. బిర్యానీ అయ్యాక, కిళ్లీ నములుతూ వైవా మొదలెడతారు.

"ఏమోయ్, అమోనియా వాసన ఎలా ఉంటుంది?"

"మా వీధి చివర ఐసు ఫ్యాక్టరీలో వాల్వు కారినప్పుడు వస్తుంది సార్, ఆ వాసన."

గదిలో గాలి స్తంభించింది. భీమవరం నుంచి వచ్చిన కుర్రాడు, నిజమే చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీల్లో చల్లదనం పుట్టించేది అమోనియానే. కానీ ఎగ్జామినర్ గారు ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి జవాబు విని ఎరుగరు. నములుతున్న కిళ్లీ ఆపేశారు. లెక్చరర్ పరుగున వచ్చి, "పల్లెటూరి పిల్లాడు సార్, ఏమీ అనుకోకండి. ఒరేయ్, నిన్న ఏం రాయించాను నీకు?" అన్నాడు. కుర్రాడు తల వంచుకుని, "ఘాటైన వాసన సార్" అన్నాడు.

"ఆ! అలా చెప్పు. మరి ఐసు ఫ్యాక్టరీ అంటావేం?"

"నేను చూశాను సార్ వాసన."

"చూశావా? నువ్వే స్వయంగా?"

నోట్సులో లేని జవాబు చెప్పడం, అందులోనూ సొంత ముక్కుతో సంపాదించిన జవాబు చెప్పడం మాల్‌ప్రాక్టీసు కిందికి వస్తుందా రాదా అని పెద్దలిద్దరూ పక్కకెళ్లి కాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి పిల్లాడి భవిష్యత్తు పాడుచెయ్యడం ఎందుకని పెద్ద మనసుతో రెండు మార్కులే కోశారు. ఇంతలో వెనక బల్ల నుంచి ఓ అమ్మాయి లేచి, "హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజు కడ్డీని అమోనియా దగ్గర పెడితే దట్టమైన తెల్లటి పొగలు వస్తాయని రాశాం కదా సార్, ఒక్కసారి చూపిస్తారా?" అంది. "ఆ పొగ చూస్తే ఎంసెట్‌లో ఎన్ని మార్కులమ్మా?" అన్నాడు లెక్చరర్. అమ్మాయి కూర్చుంది. ప్రాక్టికల్స్ జయప్రదంగా ముగిశాయి.

నాదొక నిర్మాణాత్మక సూచన. వచ్చే ఏడాది నుంచి సెంటర్లను ఆర్టీసీ బస్టాండు మరుగుదొడ్లకు మార్చేస్తే సరి. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమోనియా చేస్తుంటాయి, రాత్రింబవళ్లు, ప్రభుత్వ సెలవుల్లో కూడా. గుమ్మం దగ్గరే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మన దగ్గర ఎప్పుడూ తెరిచి ఉండే కెమిస్ట్రీ ల్యాబు అదొక్కటే, పైగా అక్కడ తీసుకునే రుసుము కాలేజీ ల్యాబ్ ఫీజులో దుమ్ము వంతు.

చదువు ఫలితం మాత్రం అమోఘం. ముప్పైకి ముప్పై తెచ్చుకున్నవాడే బంకులో, "టైర్లకి నైట్రోజన్ కొట్టు అన్నా" అని డబ్బులిస్తాడు. పక్కన ఉచితంగా కొట్టే గాలిలో 78 శాతం నైట్రోజనేనని వాడు ఒక మార్కు ప్రశ్నకు జవాబు రాసే ఉంటాడు. హేబర్ పద్ధతిని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: 200 అట్మాస్ఫియర్ల పీడనం, ఇనుము ఉత్ప్రేరకం, మాలిబ్డినం ప్రమోటర్. అదే సమయానికి వాళ్ల నాన్న, 2025 వానాకాలంలో మనమంతా చూసినట్టు, సొసైటీ ముందు వరసలో చెప్పులు పెట్టి యూరియా కోసం కాచుకుని ఉంటాడు. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున నైట్రోజన్ ఎంతో కొడుకు చిటికెలో కడతాడు. యూరియాను వరిమడిలో నిలవ నీళ్లలో చల్లితే అమోనియాగా గాలికి పోతుందని, బురద పదునులో చల్లి 36 నుంచి 48 గంటలాగి నీరు పెట్టాలని తండ్రికి తెలుసు. ఇద్దరిలో కెమిస్ట్రీ చదివింది ఎవరో మీరే చెప్పండి.

నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఇక నావల్ల కాదు.

అమోనియా రికార్డు పుస్తకంలో ఉండే వస్తువు కాదు. కోస్తా పొడవునా రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, గొట్టాల నిండా అదే తిరుగుతోంది. అది లీకైతే ఏం చెయ్యాలి? ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుని గాలికి ఎదురుగానో అడ్డంగానో తప్పుకోవాలి. తడిగుడ్డే ఎందుకంటే అమోనియా నీళ్లలో విపరీతంగా కరుగుతుంది. ఈ సంగతి నేర్పడానికే కదా ఫౌంటెన్ ప్రయోగం పెట్టింది! అమోనియా నింపిన గాజు కుప్పెలోకి నాలుగు నీటి చుక్కలు పడగానే వాయువంతా కరిగిపోయి, ఫినాఫ్తలీన్ అనే, అమోనియా తగిలితే రంగు మారే మందు కలిపిన నీళ్లు కింద నుంచి గులాబీరంగులో ఎగజిమ్ముతాయి. జన్మకోసారి దాన్ని చూసిన పిల్ల గ్యాసు లీకైన రాత్రి తడిగుడ్డ కోసం వెతుక్కుంటుంది. చూడని పిల్ల ఏం చేస్తుంది? "అమోనియా నీటిలో అత్యధికంగా కరుగును" అని వల్లె వేస్తుందా?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. అక్కడ జరిగింది అమోనియా ప్రమాదం కాదు. రికార్డు పుస్తకాల వల్ల జరిగిందనీ అనను, ఆ పాపం మోయవలసినవాళ్లు వేరే ఉన్నారు. కానీ పరవాడకీ, అచ్యుతాపురానికీ, పాశమైలారానికీ తెల్లారగట్ల షిఫ్టు బస్సులెక్కుతున్నది ఎవరు? ఈ ఇంటర్ వెలగబెట్టి, బీఎస్సీ కెమిస్ట్రీ కూడా ఇదే తంతుగా పూర్తిచేసిన పిల్లలు కారూ? నిజం యాసిడ్ సీసా మొట్టమొదట వాళ్ల చేతికి ఇస్తున్నది ఫ్యాక్టరీ. ల్యాబ్ ఫీజు పేరుతో రసీదు చింపి, ఆ డబ్బుతో ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టించుకున్న మీకు, ఏటా ఆ బూజు గదిలో కూర్చుని సంతకాలు పెట్టి పోయిన మీకు, అన్నం ఎలా సహిస్తోందయ్యా?

ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం పీఆర్వోలు ఇళ్లమీద పడతారు. మొన్న మా వీధిలో ఒకాయన అలాగే వచ్చాడు, చేతిలో ఏసీ క్యాంపస్ బ్రోచరు. కెమిస్ట్రీ ల్యాబు చూపిస్తారా, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఆఖరిసారి ఎప్పుడు కొన్నారో బిల్లుందా అని అడిగాను. ఆయన జాలిగా చూశాడు.

"ల్యాబుతో మీకెందుకండీ శ్రమ? రికార్డులు మేమే రాయించి ఇస్తాం, బొమ్మలతో సహా. ఫీజులోనే కలిపేశాం."