చచ్చినా వదలని కుర్చీ

రక్తపిశాచుల పాలన మీద విమర్శలు ఈ మధ్య మరీ శ్రుతి మించుతున్నాయి. అది ముసలివాళ్ల రాజ్యమట, కొత్తవాళ్లను ఎదగనివ్వరట. ఇలా అనేవాళ్ల వయసు ఆరా తీస్తే చాలామందికి ఇంకా నూట యాభై కూడా నిండలేదు. పాలనానుభవం ఊరికే రాదు. ముందు చావాలి. ఆ తర్వాత మూడు నాలుగు శతాబ్దాలు నోరు మూసుకుని కూర్చోవాలి. కోరలు మొలిచీ మొలవగానే పదవి కావాలంటే ఎలా?

ఈ సమాజానికి ఇప్పుడున్న అధికార నిర్మాణాన్ని పూసగుచ్చినట్టు రాసిపెట్టింది 1991లో అమెరికాలో విడుదలైన ‘వాంపైర్: ది మాస్కరేడ్’ అనే ఆట. ఆటగాళ్లే పాత్రలై, పాచికలు వేసుకుంటూ కథ నడుపుకునే ఆట అది. అందులో కమరిల్లా అనే వర్గం క్రమశిక్షణ చూస్తే ముచ్చటేస్తుంది. నగరానికి ఒక ప్రిన్స్. పాలించేది ఆడైనా మగైనా బిరుదు అదే. స్త్రీ పురుష సమానత్వం ఇంత చవకగా ఇంకెక్కడా సాధ్యం కాలేదు. ప్రిన్స్ పక్కన సెనెషల్ ఉంటాడు. ఆయన లేనప్పుడు వ్యవహారాలు చూడటం ఇతని పని, ఆయన ఎప్పటికి లేకుండా పోతాడా అని చూడటం ఇతని ఆశ. మాట విననివాళ్లకు షెరిఫ్. ఇక ఒక్కో వంశం తరఫున ఒక్కో పెద్ద కూర్చునే సలహామండలి పేరు ప్రైమోజెన్. ప్రిన్స్ అడిగితే సలహా ఇస్తారు, అడగకపోతే కుట్ర చేస్తారు. ఏ రాత్రీ ఖాళీగా మాత్రం ఉండరు.

మనుషుల రాజకీయాలను ఇన్ని వేల ఏళ్లుగా ముందుకు నడిపిస్తున్నవి ఎన్నికలూ విప్లవాలూ అనుకుంటాం. నిజానికి చావు. పైన ఒక పెద్దాయన పోతే కింద పదిమంది తలా ఒక మెట్టు ఎక్కుతారు. సంతాప సభలో రెండో వరసలో కూర్చున్నవారి ముఖాలు గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. రక్తపిశాచులకు ఆ సౌకర్యం లేదు. 17వ శతాబ్దంలో కుర్చీ ఎక్కినవాడు ఇంకా అందులోనే ఉన్నాడు, ఆరోగ్యం నిక్షేపంలా ఉంది, జ్ఞాపకశక్తి అంతకన్నా బాగుంది. ఎవరు ఎప్పుడు తనకు నమస్కారం పెట్టలేదో ఆయనకు తేదీలతో సహా గుర్తు. ఎనభై ఏళ్లుగా తలుపు దగ్గర నిలబడుతున్నవాణ్ణి ఆ సభలో ఇంకా ‘కుర్రాడు’ అనే పిలుస్తారు.

పోనీ, వయసు ఎలాగూ పెరుగుతుంది కదా అని ఓర్చుకుందామంటే తరం అనేది ఒకటుంది. బైబిల్లోని కయీనే తొలి రక్తపిశాచి అన్నది ఈ ఆటలోని పురాణం. అతణ్ణి ఒకటిగా లెక్కపెట్టి, ఎవరి చేతిలో ఎవరు పిశాచి అయ్యారో చూసుకుంటూ వస్తే మీరు ఎన్నో అంచెలో ఉంటారో అది మీ తరం. నాలుగో తరంవాడు నడిస్తే నగరాలు వణుకుతాయి. పదమూడో తరంవాడు కుర్చీలు సర్దుతాడు. అంచె దిగేకొద్దీ రక్తం పలచబడుతుంది, కష్టపడితే చిక్కబడదు. పైకెళ్లే దారి ఒక్కటే: పై తరంవాణ్ణి పట్టి, ఆఖరి బొట్టు దాకా, ఆత్మతో సహా తాగేయడం. దీని పేరు డయాబ్లరీ, శిక్ష మరణం. కాబట్టి ఇక్కడ ప్రతిభకు గుర్తింపు లేదనడం శుద్ధ అబద్ధం. పదోన్నతి పరీక్ష ఉంది. నెగ్గినవాళ్లను చంపేస్తారు, అంతే.

మొదట్లో ఈ జాతికి ఇంత దర్జా లేదు. 1725లో సెర్బియాలోని కిసిల్యెవోలో ఊరివాళ్లు సమాధి తవ్వి, గుండెలో కొయ్య దించి, కాల్చేసిన పీటర్ బ్లగోయెవిచ్ మామూలు పల్లెటూరి మనిషి. 1755లో ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరిసా ఇలా శవాలను తవ్వి కాల్చే పద్ధతిని నిషేధించింది. దొరికిన భద్రతను రక్తపిశాచులు వృథా చేసుకోలేదు. ఆంగ్ల సాహిత్యంలో 1819కి ఒకడు లార్డు అయ్యాడు. 1872లో కౌంటెస్, 1897లో కోటతో సహా కౌంటు డ్రాకులా. పల్లెటూరి పిశాచాలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ప్రిన్స్ దర్శనం కోసం బయట నిలబడి ఉంటాయని నా నమ్మకం.

ఆ దర్శనం తేలిక కాదు మరి. కొత్త నగరంలో అడుగుపెట్టినవాడు ముందుగా ప్రిన్స్ ఎదుట హాజరు కావడం నియమం. అర్ధరాత్రి, మూసేసిన మ్యూజియం, పాలరాతి నేల. కొత్తవాడు చేతులు కట్టుకుని ప్రవర చెప్పుకుంటున్నాడు: నేను ఫలానావారి చేతిలో చచ్చినవాణ్ణి, ఆయన ఫలానా ఆవిడ చేతిలో, ఆవిడ ఫలానా ప్రభువు చేతిలో... మూడో పేరు దగ్గర నాలుక తడబడి బిరుదు ఒక మెట్టు తగ్గింది. స్తంభం పక్కనున్న హార్పీ కనుబొమ ఎత్తింది. అంతే, మరో ముప్పై ఏళ్లు అతణ్ణి పలకరించే నాథుడుండడు. పరువు మర్యాదల లెక్క చూసే ఈ హార్పీలకు సైన్యం అక్కర్లేదు. షెరిఫ్ చేసిన గాయం రక్తం తాగితే మానుతుంది, హార్పీ నవ్వుకు మందు లేదు. ఎవరు ఎవరికి ఎంత ఉపకారం బాకీ ఉన్నారో కూడా వాళ్లకే తెలుసు. అందులో ప్రాణం కాపాడిన ఉపకారం అన్నిటికన్నా పెద్దది. చచ్చినవాడి ప్రాణం కాపాడటమేమిటని మాత్రం అడగకండి, అది అమర్యాద.

ఇదంతా భరించలేక అనార్కులు తిరగబడ్డారు. ప్రిన్స్‌లు వద్దు, పెత్తందార్లు వద్దన్నారు. తాము గెలిచిన చోట తమ నాయకుణ్ణి బేరన్ అని పిలుచుకున్నారు. ప్రిన్స్ కన్నా బేరన్ చిన్న బిరుదే కాబట్టి ఆ మేరకు విప్లవం విజయవంతమైనట్టే.

కింది వరసవాళ్ల ఆశలన్నీ ఇప్పుడు టార్పర్ మీదే. వయసు బరువై పెద్దలు దశాబ్దాలో శతాబ్దాలో మొద్దునిద్రలోకి జారుకోవడమే టార్పర్. కుర్చీ ఖాళీ అయిందని అప్పుడే కొందరు చొక్కాలు సర్దుకుంటున్నారు. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. నిద్రను ఖాళీగా కాక సెలవుగా పరిగణించాలి. ఆ ఏళ్లన్నీ సీనియారిటీలో కలపాలి, కుర్చీకి దుమ్ము దులుపుతూ ఉండాలి. మేలుకున్న పెద్దల నిర్ణయాలనూ నిద్రలో ఉన్న పెద్దల నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నగరానికి నష్టం తక్కువ చేసింది ఎవరో తెలుస్తుంది.